అప్‌డేట్: విండోస్ 10 నుంచి 11కి మారిపోయాను, కొత్త ల్యాప్‌టాప్ కొనలేదు

విండోస్ 10 ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, నా ల్యాప్‌టాప్ ఏమో 11కి పనికిరాదంటోంది, కొత్తది కొనాలా అని అప్పుడు అడిగాను కదా. బయోస్‌లో (విండోస్ మొదలయ్యే ముందే తెరుచుకునే ల్యాప్‌టాప్ సెట్టింగ్స్‌లో) చూడమన్నవాళ్లకి చాలా థ్యాంక్స్, సమస్య సరిగ్గా అక్కడే ఉంది.

ల్యాప్‌టాప్ ఆన్ అవుతుండగా ఎఫ్2 నొక్కి లోపలికి వెళ్తే సెక్యూరిటీ పేజీలో ‘ఇంటెల్ పీటీటీ’ ఎదురుగా ‘డిజేబుల్డ్’ అని కనిపించింది. 11 అడిగే టీపీఎం 2.0 (ఎన్‌క్రిప్షన్ కీలను భద్రంగా దాచే సెక్యూరిటీ ఏర్పాటు) ఇంటెల్‌లో ఇదే. ఆన్ చేసి మళ్లీ చెక్ చేస్తే అర్హత ఉందని వచ్చేసింది. నాది 8వ తరం ఐ5. అంతకంటే పాత ఇంటెల్ ప్రాసెసర్లకు దాదాపుగా ఈ దారి లేదు.

ర్యామ్ పెంచాల్సిన పని పడలేదు, 4 జీబీ ఉంటే చాలు, నాకు 8 ఉంది. బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాను లాక్ చేసే విండోస్ ఫీచర్) ఆన్‌లో ఉంటే మాత్రం బయోస్ ముట్టుకునే ముందే, ఆ లాక్ తీసే రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి.