‘బొమ్మ కింద’ అన్న మాటకు ఇంగ్లీషులో ఏది సరి: అండరా, బిలోనా, అట్ ది బాటమా?

పలకాబలపం:
మూడు, నాలుగు తరగతుల పిల్లల కోసం ఒక ఇంగ్లీషు అభ్యాస పుస్తకం తయారుచేస్తున్నాను. ప్రతి పేజీలోనూ ఒక బొమ్మ, దాని కింద ఒక వాక్యం ఉంటాయి. ‘బొమ్మ కింద ఉన్న వాక్యం చదవండి’ అన్న సూచనను ‘రీడ్ ది సెంటెన్స్ అండర్ ది పిక్చర్’ అని రాశాను. రాతప్రతి చూసిపెట్టిన మిత్రుడు అన్ని చోట్లా ‘అండర్’ కొట్టేసి ‘బిలో’ పెట్టారు. ‘అండర్’ అంటే బొమ్మ ఆ వాక్యాన్ని కప్పేసినట్టు అర్థం వస్తుందని ఆయన వాదన. నాకిది చాదస్తంగా తోస్తోంది. పెద్దలు ఏమంటారు?

పాతపంతులు:
మీరు రాసింది తప్పు కాదు, ఆయన దిద్దిందీ తప్పు కాదు. బొమ్మకు సరిగ్గా దిగువన, ఆనుకుని ఉన్న వాక్యాన్ని ఇంగ్లీషు వాళ్లు రెండు విధాలా అంటారు. అయితే చిక్కు ఇంగ్లీషులో కన్నా మన ‘కింద’లోనే ఎక్కువగా ఉంది. మంచం కింద చెప్పులు, గీత కింద సంతకం, పేజీ కింద అంకె, ఫలానా సెక్షన్ కింద కేసు అని ఇన్ని బరువులూ మనం ఒక్క మాట మీదే వేస్తాం. ఇంగ్లీషులో చెప్పులకు ‘అండర్’, సంతకానికి ‘బిలో’, పేజీ అంకెకు ‘అట్ ది బాటమ్ ఆఫ్’, సెక్షన్‌కు మళ్లీ ‘అండర్’ వస్తాయి. కాబట్టి పిల్లవాడు పొరబడేది అండర్, బిలోల మధ్య కాదు. ‘అట్ ది బాటమ్ ఆఫ్ ది పిక్చర్’ దగ్గర పొరబడతాడు, ఎందుకంటే ఆ మాట బొమ్మ లోపలి అడుగు భాగాన్ని చెబుతుంది, బొమ్మ అంచు దాటిన తరువాత వచ్చే వాక్యాన్ని చెప్పదు.

అచ్చుతప్పు:
పంతులుగారితో సగమే ఏకీభవిస్తాను. ప్రూఫులు దిద్దే పనిలో ఉన్నవాడిగా చెబుతున్నాను, కప్పేయడం అన్న అర్థం ఊహాజనితం కాదు. రేకు ఎత్తి చూసే పిల్లల పుస్తకాలలో బొమ్మను పైకి లేపితే దాని కింద నిజంగానే వాక్యం దాగి ఉంటుంది, దానికి ‘అండర్ ది పిక్చర్’ అన్నదే సహజమైన మాట. వర్డ్‌లో బొమ్మ పెట్టేటప్పుడు ‘బిహైండ్ టెక్స్ట్’, ‘ఇన్ ఫ్రంట్ ఆఫ్ టెక్స్ట్’ అన్న ఎంపికలు కనిపిస్తాయి కదా, అక్కడ రెండోది ఎంచుకుంటే అక్షరాలు బొమ్మ చాటుకు పోతాయి. అలా పోయిన అక్షరాలను ‘అండర్ ది ఇమేజ్’ అనే అంటారు. ‘ఓవర్’ సంగతి ఇంకా ఇబ్బందికరం. ‘టెక్స్ట్ ఓవర్ ది ఇమేజ్’ అంటే చాలామందికి బొమ్మ మీద పరిచిన అక్షరాలే స్ఫురిస్తాయి కనుక, బొమ్మకు ఎగువన ఉన్న పంక్తికి ‘అబవ్’ వాడటమే క్షేమం. మనం ‘మీద’ అన్న మాటతో ఆ రెండు చోట్లనూ చెప్పేస్తాం కాబట్టి తేడా వెంటనే తట్టదు. ‘అబవ్’కు జంట ‘బిలో’. అందుకే మీ మిత్రుడి దిద్దుబాటును నేను సమర్థిస్తున్నాను.

పాతపంతులు:
అచ్చుతప్పు గారూ, ‘అండర్ ది హెడింగ్’ అన్న ప్రయోగాన్ని ఏం చేస్తారు? శీర్షిక తన దిగువ పేరాను కప్పేయదు, అయినా అక్కడ ‘అండర్’ చక్కగా కుదురుతుంది, ఎందుకంటే ఆ పేరా ఆ శీర్షికకు చెందినది. బొమ్మకూ దాని వ్యాఖ్యకూ ఉన్నది అలాంటి బంధమే. ‘బిలో’కు ఈ చెందినతనం లేదు, పేజీలో దిగువన ఎక్కడ ఉన్నా చాలు, నాలుగు పేరాల అవతల ఉన్నా సరే. బొమ్మకు అంటుకుని ఉన్న వాక్యమే చదవాలని చెప్పదలిస్తే ‘అండర్’లో కొంత బిగువు ఎక్కువ.

రెండో షిఫ్టు:
మా ఆఫీసులో ఈ గొడవే లేదు. ‘ప్లీజ్ రిఫర్ ది బిలో ఇమేజ్’ అని రాస్తాం, అందరికీ అర్థమవుతుంది. ‘ది అబవ్ ఇమేజ్’ ఒప్పయినప్పుడు ‘ది బిలో ఇమేజ్’ ఎందుకు తప్పవుతుందో ఎవరూ చెప్పరు.

అచ్చుతప్పు:
మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. ఇంగ్లీషులో ‘అబవ్’ చాలాకాలంగా నామవాచకానికి ముందు విశేషణంగా నిలబడుతోంది. ‘బిలో’కు ఆ స్థానం అంతగా స్థిరపడలేదు, సంపాదకులు ఇప్పటికీ దానిని ‘ది ఇమేజ్ బిలో’ అని వెనక్కి జరుపుతారు. దీనికి తర్కం లేదు, అలవాటే ఉంది. మన నోటికి ‘బిలో ఇమేజ్’ ఇంత తేలికగా రావడానికి మాత్రం కారణం కనిపిస్తూనే ఉంది. తెలుగులో ‘పై బొమ్మ’, ‘కింది బొమ్మ’ అని రెంటినీ సమానంగా ముందు పెడతాం. ‘కింది’ అన్న రూపం పుట్టిందే పేరుకు ముందు నిలబడటానికి. ఆ ‘కింది’నే మీరు ‘బిలో’గా మార్చి అదే చోట కూర్చోబెట్టారు. లోపలి ఉత్తరాలలో దాన్ని పట్టించుకోనక్కరలేదు కానీ పిల్లల పుస్తకంలో వద్దు. పైగా ‘ది బిలో ఇమేజ్ టెక్స్ట్’ అని ఒకసారి నాకు ప్రూఫు వచ్చింది, అది దిగువ బొమ్మలోని అక్షరాలా, బొమ్మ దిగువన ఉన్న అక్షరాలా అన్నది రాసినవారే చెప్పలేకపోయారు.

వినికిడి:
నేను తెరమీది పాఠాన్ని స్క్రీన్ రీడర్ ద్వారా విని చదువుతాను. మీ చర్చ అంతా కాగితం చుట్టూనే తిరుగుతోంది కనుక ఒక మాట చేరుస్తున్నాను. ‘బొమ్మకు కుడివైపున ఉన్న పెట్టెలో చూడండి’ అంటే నాకు కుడీ లేదు, పెట్టే లేదు. కంటితో చూసేవారికి కూడా కంప్యూటరులో కుడివైపున ఉన్న పాఠం ఫోనులో బొమ్మ కిందికి దిగిపోతుంది. వెబ్ పేజీలు అందరికీ అందేలా ఉండాలని 2008లో వెలువడిన డబ్ల్యూసీఏజీ 2.0 మార్గదర్శకాలలో 1.3.3 అన్న నిబంధన, సూచనలు కేవలం ఆకారం, పరిమాణం, చోటు, శబ్దం వంటి వాటి మీదే ఆధారపడకూడదని చెబుతుంది. కానీ దాని వివరణలోనే ఒక వెసులుబాటు ఉంది. కొన్ని భాషల్లో ‘అబవ్’ అంటే ఇంతకుముందు వచ్చినది, ‘బిలో’ అంటే ఇకముందు రాబోయేది అన్న అర్థం వాడుకలో ఉంది కనుక, ఆ మాటలు చదివే వరుసకు సరిపోతే అభ్యంతరం లేదంటారు. తెలుగులోనూ ‘పైన చెప్పినట్టు’, ‘కింద పేర్కొన్న’ అంటున్నాం కదా. ‘అండర్’కు ఆ వరుస అర్థం లేదు. వినే పాఠకుడి వైపు నుంచి చూస్తే నా ఓటు ‘బిలో’కే, బొమ్మకు అంకె ఇచ్చి ‘పిక్చర్ 3’ అని పిలిస్తే ఇంకా మేలు.

రెండో షిఫ్టు:
అయితే చోటు సంగతి వదిలేసి ‘కాప్షన్’ అంటే సరిపోదా?

పాతపంతులు:
పెద్దలకు సరిపోతుంది. మూడో తరగతి పిల్లలకు ముందు ‘కాప్షన్’ అంటే ఏమిటో నేర్పాలి, అది నేర్పడానికి మళ్లీ ‘కింద’ అనాలి. పైగా కాప్షన్ ఎప్పుడూ కిందే ఉంటుందన్న నమ్మకమూ లేదు. పరిశోధన పత్రాలు రాసేవారు ఎక్కువగా పాటించే ఏపీఏ పద్ధతిలో ఆరో కూర్పు దాకా పటం పేరు పటానికి దిగువన ఉండేది, 2019లో వచ్చిన ఏడో కూర్పు దానిని ఎగువకు చేర్చి దిగువన గమనికలను మాత్రమే ఉంచింది.

పలకాబలపం:
ఇంత దూరం వస్తుందనుకోలేదు. వినికిడి గారి మాటతో నా అభిప్రాయం మారింది, ఈ పుస్తకాన్ని ఫోనులో చదివించే ఆలోచన కూడా ఉంది కనుక ‘బిలో’ ఉంచుతున్నాను. అండర్ తప్పు కాదన్న పంతులుగారి మాటను ఉపాధ్యాయుల సూచనల్లో రాస్తాను, లేకపోతే పిల్లవాడు ‘అండర్’ అంటే మార్కు కోసేస్తారు. ఇంకొక్క సందేహం. తొమ్మిదో పేజీలో ఆర్టీసీ బస్సు బొమ్మ ఉంది, దాని నుదుటి బోర్డు మీద ఊరి పేరు రాసి ఉంది. ‘రీడ్ ది నేమ్ ఆన్ ది పిక్చర్’ అని రాశాను.

అచ్చుతప్పు:
అక్కడ ‘ఇన్ ది పిక్చర్’ అని మార్చండి. ఆ పేరు బొమ్మలోని లోకానికి చెందినది, బస్సుతో పాటు అదీ గీయబడింది. చిత్రకారుడు గీసి ముగించాక మీరు పైన అచ్చు వేసిన పేరు అయితే ‘ఆన్’. రెండూ కలిపి చెప్పాలంటే, పేరు బోర్డు మీద ‘ఆన్’, బోర్డు బొమ్మలో ‘ఇన్’.

పాతపంతులు:
ఇక్కడ మాత్రం తెలుగే మీకు దారి చూపుతుంది. ‘బొమ్మలో ఉన్న పేరు’, ‘బొమ్మ మీద రాసిన పేరు’ అని మనమూ వేరుగానే అంటాం. ఎదుటి పేజీలో ఉన్న పాఠానికి ఏం రాశారో కూడా ఒకసారి చూసుకోండి. ఒక పక్క తెలుగు, ఎదుటి పక్క ఇంగ్లీషు అచ్చయ్యే ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఆంధ్రప్రదేశ్ బడుల్లో వచ్చాక ఈ అవసరం పెరిగింది, దానికి ‘ఆన్ ది ఫేసింగ్ పేజ్’ అనాలి.

పలకాబలపం:
‘ఇన్ ది ఆపోజిట్ పేజ్’ అని రాసి ఉంది మాస్టారూ. ఏడు చోట్ల. ఇప్పుడే దిద్దుతున్నాను.