కొనుగోలుదారుకు మా పేరుతో దొంగ మెయిల్ వెళ్లింది: రొయ్యల ఎగుమతి కార్యాలయంలో ముందుగా ఏది సరిచేయాలి?

ఉండి_కాలువ:

అందరికీ నమస్కారం. భీమవరానికి దగ్గరలో ఉన్న ఒక రొయ్యల ఎగుమతి సంస్థలో పదకొండేళ్లుగా కంప్యూటర్ల బాధ్యత చూస్తున్నాను. 38 కంప్యూటర్లు, ట్యాలీ నడిచే సర్వర్, కోల్డ్ స్టోరేజీ ఉష్ణోగ్రతలు నమోదు చేసే పాత కంప్యూటరు, సీసీ కెమెరాల పెట్టె, అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయి.

గత నెలలో మా విదేశీ కొనుగోలుదారు ఒకరు ఫోన్ చేసి, "మీ కొత్త బ్యాంకు ఖాతాకు సొమ్ము పంపబోతున్నాం, ఒకసారి నిర్ధారించండి" అన్నారు. మేము ఖాతా ఏదీ మార్చలేదు. వారు పంపిన మెయిల్ ప్రతిని చూస్తే కంటైనర్ నంబరు, సరుకు కౌంటు, ఇన్‌వాయిస్ మొత్తం అన్నీ అక్షరాలా మావే. మెయిల్ చిరునామాలో మాత్రం ఎం అక్షరం ఉండవలసిన చోట ఆర్, ఎన్ అక్షరాలు పక్కపక్కన ఉన్నాయి. ఫోన్ తెరమీద ఆ తేడా దాదాపు కనిపించదు. వారు ఫోన్ చేయబట్టి సొమ్ము ఆగింది.

తరువాత మా ఎగుమతుల మేనేజరు మెయిల్‌పెట్టె పరిశీలిస్తే, మాలో ఎవరూ పెట్టని ఒక నియమం కనిపించింది. ఇన్‌వాయిస్, పేమెంట్ అనే మాటలున్న మెయిళ్లన్నిటినీ అది ఎవరూ తెరవని ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్స్ అనే ఫోల్డరుకు తరలిస్తోంది. అంటే ఎవరో చాలా రోజులుగా లోపల కూర్చుని మా ఉత్తరాలు చదువుతున్నారు.

మా యజమాని గారు మంచి యాంటీవైరస్ కొందామంటున్నారు, ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చే రాకపోకలను వడపోసే పరికరం) అమ్మేవారు తమ పెట్టె ఉంటే చాలంటున్నారు. ఖర్చుకు పరిమితి ఉంది. ముందుగా ఏది చేయాలో అనుభవమున్నవారు చెప్పగలరని మనవి.

నెట్‌వర్క్_తణుకు:

మీకు జరిగినది వైరస్ దాడి కాదండీ, ఖాతా దొంగతనం. అందువల్ల యాంటీవైరస్ ఎంత మంచిదైనా దీనిని పట్టుకోలేదు.

ఆ మెయిల్‌ఖాతాకు పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన దొంగ బయటకు పోడు. ముందు అన్ని పరికరాల నుంచీ ఆ ఖాతాను లాగౌట్ చేయించండి. ఆ నియమాన్ని తొలగించే ముందు తెరచిత్రం తీసి దాచండి. మెయిళ్లు మరో చిరునామాకు వెళ్లేలా ఫార్వర్డింగ్ ఏమైనా పెట్టారేమో, తెలియని యాప్‌లకు ఖాతాలోకి అనుమతి ఇచ్చి ఉన్నారేమో చూడండి. ఇప్పటి దొంగ లాగిన్ పేజీలు మధ్యవర్తిలా పనిచేస్తాయి: మనం కొట్టిన పాస్‌వర్డ్‌ను, ఓటీపీని అప్పటికప్పుడే అసలు సైటుకు అందించి, లోపలికి వెళ్లాక సైటు ఇచ్చే సెషన్ కుకీని, అంటే మళ్లీ పాస్‌వర్డ్ అడగకుండా లోపల ఉండనిచ్చే గుర్తును, కాజేస్తాయి. కాబట్టి ఓటీపీ లేకపోవడం కన్నా ఉండడం ఎంతో మేలే అయినా, అదే చివరి గోడ అనుకోకూడదు. పాస్‌కీలు (పాస్‌వర్డ్‌కు బదులు ఫోనులోనో కంప్యూటరులోనో ఉండే తాళంచెవులు), యూఎస్‌బీ భద్రతా కీలు అసలు సైటు చిరునామాకే ముడిపడి ఉంటాయి కనుక దొంగ పేజీ దగ్గర పనిచేయవు. అందరికీ ఒకేసారి కుదరకపోతే యజమాని, ఎగుమతుల మేనేజరు, అకౌంటెంటు, మీరు, ఈ నలుగురితో మొదలుపెట్టండి.

ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మెయిల్ నిర్ధారణ అమరికలు తప్పక పెట్టుకోవాలి, ఖర్చు కూడా లేదు. కానీ మీ సొంత డొమైన్ పేరును (మెయిల్ చిరునామాలో @ తరువాతి భాగాన్ని) బయటివారు వాడకుండా మాత్రమే అవి ఆపుతాయి. ఆర్, ఎన్ కలిపి కొన్న పోలిక పేరును ఆపవు. దానికి మందు ఫోను ఒక్కటే. బ్యాంకు ఖాతా మార్పు అనే మాట ఏ వైపు నుంచి వచ్చినా, ఆ మెయిల్‌లో ఉన్న నంబరుకు కాకుండా పాత కాగితాల్లో ఉన్న నంబరుకు మాట్లాడి నిర్ధారించుకోవాలి.

ఇక ఒక ప్రశ్న. మీ అకౌంటెంటు ఇంటి నుంచి ట్యాలీలోకి ఎలా వస్తున్నారు? రూటరులో 3389 పోర్టు (విండోస్ కంప్యూటరును దూరం నుంచి నడిపే రిమోట్ డెస్క్‌టాప్ దారి) ఇంటర్నెట్‌కు తెరిచి ఉంటే ఈ రోజే మూసివేయండి. 2021 మే నెలలో అమెరికాలో కలోనియల్ పైప్‌లైన్ ఆగిపోవడానికి కారణమైన దాడి, బయటి నుంచి సంస్థ నెట్‌వర్క్‌లోకి రావడానికి వాడే వీపీఎన్ అనే రక్షిత దారిలో, వాడుకలో లేని ఒక ఖాతా పాస్‌వర్డుతో మొదలైంది. ఆ ఖాతాకు రెండో అంచె నిర్ధారణ లేదు.

మిల్లు_మండపేట:

పై సలహా అంతా సరైనదే. అయితే మెయిల్ దొంగ తరువాత వచ్చేవాడి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మేము ఆ బాధ పడ్డాం.

నేను ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. దాళ్వా ధాన్యం లారీలు గేటు బయట వరుస కట్టిన రోజుల్లో, ఒక సోమవారం ఉదయం సర్వర్ తెరిస్తే ఫైళ్ల పేర్ల చివర ఏవో తెలియని అక్షరాలు చేరి ఉన్నాయి, ప్రతి ఫోల్డరులోనూ డబ్బు అడిగే చీటీ ఉంది. బ్యాకప్ మాకూ ఉంది. కానీ ఆ హార్డ్‌డిస్కు ఏడాది పొడవునా సర్వర్‌కే తగిలించి ఉండేది. సర్వర్‌తో పాటు అదీ పోయింది. డబ్బు మేము చెల్లించలేదు. మా గుమాస్తా ఒకాయన నాలుగు నెలల క్రితం ఇంట్లో చూసుకోవడానికి పెన్‌డ్రైవ్‌లో తీసుకువెళ్లిన కాపీ మిగలడంతో, ఆ తరువాతి నాలుగు నెలల లెక్కను కాటా చీటీలు, గేటు పుస్తకం ముందు పెట్టుకుని మళ్లీ రాశాం. అందుకు పందొమ్మిది రోజులు పట్టింది. రైతుకు ఎన్ని బస్తాలకు ఎంత ఇవ్వాలో చెప్పలేక నిలబడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

పెద్దవారికీ ఇదే జరిగింది. 2017 జూన్ 27న ఉక్రెయిన్‌లోని ఒక పన్ను లెక్కల సాఫ్ట్‌వేరు అప్‌డేట్ ద్వారా బయలుదేరిన నాట్‌పెట్యా అనే దాడి ప్రోగ్రాము, ప్రపంచమంతటా కంటైనర్ ఓడలు నడిపే మెర్‌స్క్ సంస్థ కంప్యూటర్లను తుడిచిపెట్టింది. ఆ సమయానికి ఘనాలో కరెంటు పోయి ఆగి ఉన్న ఒక డొమైన్ కంట్రోలర్ (సంస్థలోని వాడుకరులను, లాగిన్‌లను నిర్వహించే సర్వర్) మాత్రం బతికింది, దాని ఆధారంగానే వారు మిగతా వ్యవస్థను నిలబెట్టుకున్నారు. తీగతో కలిసి ఉన్నదేదీ బ్యాకప్ కాదని మాకు అర్థమైంది.

ఇప్పుడు రెండు డిస్కులు వంతులవారీగా వాడుతున్నాం, ఒకటి ఎప్పుడూ మిల్లు బయట ఉంటుంది. నెలకొకసారి వేరే కంప్యూటరులో దానిని తెరిచి, నిన్నటి ఓచరు కనిపిస్తోందో లేదో చూస్తాం. ఈ మధ్య దొంగలు ఫైళ్లకు తాళం వేసే ముందే కాపీ చేసుకుని, బయటపెడతామని బెదిరిస్తున్నారు కనుక బ్యాకప్ ఉన్నా మొదటి గుమ్మం కాపాడుకోక తప్పదు.

ఆడిటర్_అమలాపురం:

చట్టం వైపు ఒక మాట. సెర్ట్ ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఇటువంటి ఘటనలను గుర్తించిన ఆరు గంటల్లోగా వారికి తెలియజేయాలి, సర్వర్ల లాగులను (ఎప్పుడు ఏం జరిగిందో నమోదయ్యే రికార్డులను) 180 రోజులు భద్రపరచాలి. సొమ్ము వెళ్లిపోయి ఉంటే మొదటి ఫోను సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, రెండోది పంపిన బ్యాంకుకు. గంటలు గడిచేకొద్దీ తిరిగివచ్చే ఆశ తగ్గుతుంది.

మన దగ్గర ఎక్కువగా పట్టించుకోని సంగతి సేవలందించేవారి భద్రత. 2024 జూలైలో సీ ఎడ్జ్ అనే సాంకేతిక సేవల సంస్థపై రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే) దాడి జరిగినప్పుడు, దానిపై ఆధారపడిన దాదాపు 300 చిన్న బ్యాంకులకు చెల్లింపుల సేవలు కొంతకాలం నిలిచిపోయాయి. ఆ బ్యాంకులపై నేరుగా దాడి జరగలేదు. మీ ట్యాలీ సర్వీసు చేసే వ్యక్తి దూరం నుంచి కంప్యూటరును నడిపే ఎనీడెస్క్‌లో శాశ్వత పాస్‌వర్డు పెట్టుకుని ఉన్నారేమో అడగండి. నేను వెళ్లే కార్యాలయాల్లో చాలాచోట్ల అది కనిపిస్తోంది.

నెట్‌వర్క్_తణుకు:

ఉష్ణోగ్రతల కంప్యూటరు గురించి చెప్పడం మరిచాను. పాత విండోస్ మీద నడిచే యంత్రాన్ని మార్చలేకపోతే వేరే వీల్యాన్‌లో (అదే నెట్‌వర్క్‌లో విడదీసిన భాగంలో) పెట్టి, ఇంటర్నెట్ దారి పూర్తిగా తీసివేయండి. మన కాలువలకు లాకులు ఉన్నట్టే నెట్‌వర్క్‌కూ ఉండాలి. ఒక చోట గండి పడితే నీరు ఊరంతా పారకూడదు. మామూలు కంప్యూటర్లలో విండోస్ 10 ఉంటే, దానికి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందని గుర్తుంచుకోండి.

ఉండి_కాలువ:

మీ అందరికీ కృతజ్ఞతలు. 3389 పోర్టు నిజంగానే తెరిచి ఉంది. 2020 లాక్‌డౌన్ రోజుల్లో అకౌంటెంటు కోసం నేనే తెరిచి, మూయడం మరిచాను. నిన్న మూసివేసి వీపీఎన్ పెట్టాను. సర్వీసు మనిషి ఎనీడెస్క్ పాస్‌వర్డు తీసేశాం, ఇకమీదట ఆయన అడిగినప్పుడు మా వైపు నుంచి ఒకరు అనుమతిస్తేనే లోపలికి రాగలరు. కొనుగోలుదారులందరి ఫోన్ నంబర్లను పాత ఒప్పంద పత్రాల నుంచి ఒక రిజిస్టరులోకి చేతితో రాయించాను, అది అకౌంటెంటు గారి బీరువాలో ఉంది.

శనివారం మా బ్యాకప్‌ను వేరే కంప్యూటరులో తెరిచి చూశాం. మార్చి 31 తరువాతి ఓచర్లు ఒక్కటీ లేవు. బ్యాకప్ ఆగిపోయిందని ఇంతకాలం ఎవరికీ తెలియలేదు. ఆ ప్రతిని యజమాని గారికి చూపించాను. యాంటీవైరస్‌కు అనుకున్న సొమ్ములో సగంతో రెండు డిస్కులు, నాలుగు భద్రతా కీలు కొనడానికి ఆయన అక్కడే ఒప్పుకున్నారు.