ఫోన్లు గట్టిగా చేయడం చేతకాకనా, ఇష్టం లేకనా?

ఏడో మెట్టు:
నిన్న సాయంత్రం కూరగాయల సంచీ, గొడుగూ, ఫోనూ ఒకే చేత్తో పట్టుకుని మెట్లెక్కుతున్నాను. జారితే జారనీ అనుకున్న సంచీ జారలేదు, ఫోను జారింది. ఏడో మెట్టు అంచుకు దాని మూల తగిలింది. పౌచ్ ఉంది, టెంపర్డ్ గ్లాసూ ఉంది. విడ్డూరం ఏమిటంటే టెంపర్డ్ గ్లాసు మీద గీత కూడా పడలేదు, దాని కిందున్న అసలు గ్లాసు మాత్రం సాలెగూడులా పగిలింది. కొని 14 నెలలైంది. 22 వేల ఫోనుకు తెర మార్చాలంటే సర్వీస్ సెంటర్‌లో 9,600 అడిగారు.

మా నాన్నగారి నోకియా 3310 ఎన్నిసార్లు కింద పడిందో లెక్క లేదు. మూడు ముక్కలుగా విడిపోయేది, ఏరుకొచ్చి కలిపి నొక్కితే మళ్లీ మోగేది. అది 2000లో వచ్చిన ఫోను. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ గట్టిదనం రాలేదంటే నేను నమ్మను. మళ్లీ మళ్లీ కొనిపించడానికే ఇలా చేస్తున్నారు. కాదనేవారు చెప్పండి.

గాజుకుప్పె:
నేను కాదంటాను. కొన్నాళ్లు గాజు కార్ఖానాలో పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను.

3310 రహస్యం మీ మాటలోనే ఉంది. అది విడిపోయేది కాబట్టే బతికేది. పడిన దెబ్బ బలంలో సగం మూత ఊడటంలోనే ఖర్చయిపోయేది. తెర అగ్గిపెట్టెకు కాస్త అటూ ఇటూ, దానిపైన ప్లాస్టిక్ పలక. మొత్తం బరువు 133 గ్రాములు. ఇప్పటి ఫోను ముఖమంతా గాజే, బరువు 200 గ్రాములు దాటడం మామూలే.

ఇక ఆ గాజు సంగతి. దాన్ని సుమారు 400 డిగ్రీల వేడిలో కరిగిన పొటాషియం లవణంలో ముంచుతారు. గాజు పైపొరలోని చిన్న సోడియం అయాన్లు బయటికి వస్తాయి, వాటి చోట్లలో పెద్ద పొటాషియం అయాన్లు దూరతాయి. పల్లెవెలుగు బస్సులో ఇద్దరి సీట్లో ముగ్గురు కూర్చున్నట్టు పైపొర ఇరుక్కుపోయి ఉంటుంది. ఆ ఇరుకే బలం, పగులు తెరుచుకోవడానికి చోటివ్వదు. కానీ జేబులోని ఇసుక రేణువు గాజుకంటే గట్టిది. అది చేసిన గీత ఆ పొరను దాటి లోతుకు దిగిందా, తర్వాత మోకాలెత్తు నుంచి పడినా పగలవచ్చు. గీతలు తట్టుకునే గుణం పెంచబోతే దెబ్బ తట్టుకునే గుణం తగ్గుతుంది. రెండూ కలపాలని కంపెనీలు ఏళ్ల తరబడి తంటాలు పడుతున్నాయి. 2020లో వచ్చిన గొరిల్లా గ్లాస్ విక్టస్ అనే ఫోను గాజు గట్టి, గరుకు నేల మీద 2 మీటర్ల ఎత్తు నుంచి పడినా తట్టుకుంటుందని తయారీదారు కార్నింగ్ చెప్పింది. అదీ ప్రయోగశాలలో.

మీ టెంపర్డ్ గ్లాసు విడ్డూరం కూడా విడ్డూరం కాదు. అది మూల దాకా రాదు. దెబ్బ మూలకు తగిలి చట్రం గుండా అసలు గ్లాసు అంచుకు చేరింది.

బేరగాడు:
ముందు మన సంగతి చూసుకుందాం. 2015లో మోటో ఎక్స్ ఫోర్స్ అనే ఫోను వచ్చింది. తెర పగలదు, పగిలితే నాలుగేళ్లు మాదే పూచీ అన్నారు. ఐదు పొరలు, పైది ప్లాస్టిక్. పగలలేదు, నిజమే. కానీ గీతలు పడ్డాయి. చేతిలోకి తీసుకున్నవాళ్లు ‘ప్లాస్టిక్‌లా ఉంది’ అని పక్కన పెట్టారు. ఆ దారి ముందుకు సాగలేదు. తీసి మార్చుకునే బ్యాటరీతో సామ్‌సంగ్ ఎక్స్‌కవర్ ఇప్పటికీ ఉంది, మీ వీధిలో ఎవరి చేతిలోనైనా చూశారా? మనం మెరిసే గాజు వీపు చూసి కొంటాం, ఇంటికి వచ్చే దారిలోనే దానికి 150 రూపాయల పౌచ్ తొడుగుతాం.

ఏడో మెట్టు:
వెనక గాజు నేను అడిగానా? వైర్‌లెస్ ఛార్జింగ్ కోసమంటారు, నా ఫోనులో అది లేనే లేదు. ఇక కంపెనీల దుర్బుద్ధి నా ఊహే అయితే ఫ్రాన్స్‌లో 2020లో ఆపిల్‌కు రెండున్నర కోట్ల యూరోల జరిమానా ఎందుకు పడింది?

గాజుకుప్పె:
వెనక గాజు విషయంలో మీదే గెలుపు. లోహం రేడియో తరంగాలను అడ్డుకుంటుంది, నిజమే. కానీ ప్లాస్టిక్ అడ్డుకోదు. కాబట్టి అక్కడ గాజు సోకు కోసమే.

జరిమానా విషయంలో మాత్రం కాదు. పాత బ్యాటరీ ఉన్న ఐఫోన్లను సాఫ్ట్‌వేర్ నెమ్మదింపజేస్తుందని కొన్నవారికి చెప్పనందుకు వేశారు. కావాలని పాడుచేశారని తేల్చినందుకు కాదు. తెర గాజుకూ దానికీ సంబంధమే లేదు.

స్క్రూడ్రైవర్:
అందరూ పగలడం గురించే మాట్లాడుతున్నారు. నేను పదకొండేళ్లుగా ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో పగిలినవే చూస్తున్నాను. గాజు పగులుతుంది, అది దాని స్వభావం. నా కోపమంతా పగిలిన తర్వాత జరిగేదాని మీదే.

మొన్న వచ్చిన ఒక ఫోనులో గాజు తప్ప అన్నీ బాగున్నాయి. రంగులు సరిగానే ఉన్నాయి, టచ్ పనిచేస్తోంది. కానీ గాజూ టచ్చూ డిస్‌ప్లే ఒకదానికొకటి జిగురుతో అతికించి ఉంటాయి. మేము కాంబో అంటాం. కంపెనీ కాంబో మొత్తం మారుస్తుంది. నేను వేడి పళ్లెం మీద పెట్టి, వెంట్రుకలాంటి తీగను గాజుకూ డిస్‌ప్లేకూ మధ్య రంపంలా లాగి గాజు ఒక్కటే విడదీస్తాను. తీగ అర మిల్లీమీటరు వంకరపోతే డిస్‌ప్లే కూడా పోతుంది. అంచులు వంగిన తెరలైతే ఒప్పుకోవడానికే భయం. బ్యాటరీ కూడా జిగురుతోనే. నీళ్లు చొరకుండా అంటారు. వెనక మూత ఊడదీసే ఫెయిర్‌ఫోన్‌కు కూడా కొంత నీటి రక్షణ ఉంది కదా?

గట్టి గాజు అడగకండి. ఆ 9,600ను 2,500 చేయమని అడగండి.

రైలుకట్ట:
జర్మనీలో ఉంటాను. ఇక్కడ ఇప్పుడు కొత్త ఫోను పెట్టె మీద ఫ్రిజ్‌కు ఉన్నట్టే చీటీ ఉంటోంది. పడితే తట్టుకోవడానికి ఒక శ్రేణి, మరమ్మతు సులువుకు ఇంకో శ్రేణి. యూరోపియన్ యూనియన్ నియమాలు 2025 జూన్ 20 నుంచి అమల్లోకి వచ్చాయి. మామూలు ఫోను 45 సార్లు పడినా పనిచేయాలి. బ్యాటరీ 800 సార్లు ఛార్జ్ చేశాక కూడా తన సామర్థ్యంలో 80 శాతం నిలుపుకోవాలి. అమ్మకం ఆగిన తర్వాత కూడా 7 ఏళ్లు విడిభాగాలు దొరకాలి. కంపెనీలు అడ్డం తిరిగి అమ్మకాలు మానుకోలేదు. కాబట్టి చేతకాకపోవడం అనే మాట నేనూ ఒప్పుకోను. అడిగేవాడు ఉంటే చేస్తారు.

బేరగాడు:
అడిగింది ప్రభుత్వం, కొనేవాడు కాదు. నేను చెప్పిందీ అదే.

స్క్రూడ్రైవర్:
మన దగ్గరా 2022లో మరమ్మతు హక్కు మీద వినియోగదారుల వ్యవహారాల శాఖ కమిటీ వేసింది, తర్వాత పోర్టల్ వచ్చింది. దాని వల్ల నా దుకాణానికి ఒక్క అసలు కాంబో వచ్చిన రోజు లేదు.

ఏడో మెట్టు:
మా ఊళ్లోనే ఒక చిన్న దుకాణంలో గ్లాసు ఒక్కటే మార్పించాను. 2,800 అయింది. పక్కన నిలబడి చూశాను, ఆ తీగ లాగుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టాను. ఫోను బాగానే ఉంది. ఎండలో పట్టుకుంటే ఎడమ మూలలో ఆవగింజంత గాలి బుడగ కనిపిస్తోంది.

స్క్రూడ్రైవర్:
దాన్ని వేలితో నొక్కకండి. రెండు రోజుల్లో పోకపోతే తీసుకెళ్లి మళ్లీ ప్రెషర్ మెషీన్‌లో పెట్టమనండి. డబ్బులు అడిగితే ఇవ్వకండి.