పాత ట్రాఫిక్ కేసు కోర్టు కాగితం ఎక్కడ వెతకాలి? (పర్లాకిమిడి – గుణుపురం)

ప్రశ్న: పర్లాకిమిడి మాస్టారు

పెద్దలందరికీ నమస్కారం. మా నాన్నగారి పేరున ఓడీ-20 నంబరు గల పాత పికప్ బండి ఒకటి ఉంది. దానిని పాతపట్నంలోని ఒక కిరాణా వ్యాపారికి అమ్మడానికి మాట కుదిరి, బయానా కూడా తీసుకున్నాం. బండి ఆంధ్రకు మారాలంటే ముందుగా ఇక్కడి నిరభ్యంతర పత్రం, అంటే ఫారం 28 కావాలి కదా. దానికోసం రవాణా కార్యాలయానికి వెళ్తే, 2019 ఏప్రిల్ నాటి తనిఖీ కేసు ఒకటి ఇంకా తేలనట్టే కంప్యూటరులో చూపిస్తోందనీ, కోర్టులో ముగిసినట్టు కాగితం తెస్తే తప్ప దరఖాస్తు ముందుకు కదలదనీ చెప్పారు.

ఆ రోజున నాన్నగారు గుణుపురం దాటాక, సంతకు వెళ్లే ఆరుగురు ఆడవాళ్లను కూరగాయల బుట్టలతో సహా బండి వెనుక ఎక్కించుకున్నారు. సరుకు బండిలో మనుషులను ఎక్కించినందుకు ఆపి, కాగితం రాసి, లైసెన్సు తీసుకున్నారు. నెల తిరగకముందే ఆయన కోర్టుకు వెళ్లి, తప్పు ఒప్పుకుని, జరిమానా కట్టి, లైసెన్సు వెనక్కి తెచ్చుకున్నారు. రసీదు కూడా ఇచ్చారు గానీ, అది జేబులో ఉండగానే అమ్మ చొక్కా ఉతికేసింది. గట్టిపడిన ఆ కాగితపు ఉండను పారేయడానికి మనసొప్పక దేవుడి గూట్లో పెట్టింది. దానిమీద నీలి ముద్ర అంచు తప్ప ఇంకేమీ కనబడదు.

ఈ-కోర్టుల సైటులో గజపతి జిల్లా ఎంచుకుని, ఆర్‌సీ పుస్తకంలో ఉన్నట్టే నాన్నగారి పేరు కొట్టి వెతికాను, ఏమీ రాలేదు. పాతపట్నం మిత్రుడొకడు ఎస్‌టీసీ (సమరీ ట్రయల్ కేసు, అంటే సంక్షిప్త విచారణ కేసు) అనే రకం కింద చూడమన్నాడు, అదీ ఫలించలేదు. మూడు వేలు ఇస్తే కాగితం తెప్పిస్తానని ఒక మధ్యవర్తి తిరుగుతున్నాడు. ఎంత అవసరమున్నా ఆయన చేతిలో పడడం నాకు ఇష్టం లేదు. తెలిసినవారు దారి చెప్పగలరని మనవి.

జవాబు: గుణుపురం గుమాస్తా (విశ్రాంత)

మాస్టారూ, మీరు వెతికిన జిల్లాయే వేరు. ట్రాఫిక్ కేసు బండి నంబరును బట్టి గానీ, యజమాని ఊరిని బట్టి గానీ పోదు. బండిని ఆపిన చోటు ఏ మేజిస్ట్రేటు పరిధిలో ఉందో అక్కడికి పోతుంది. పర్లాకిమిడి నుంచి రైలెక్కితే కాశీనగర్ మీదుగా తిన్నగా మా ఊరు వచ్చేస్తారు గనుక అంతా ఒకటే అనిపిస్తుంది గానీ, మీది గజపతి జిల్లా, మాది రాయగడ జిల్లా. రెండూ 1992 అక్టోబరు 2న ఒకే రోజున ఏర్పడినా, మీరు గంజాం నుంచి విడివడ్డారు, మేము కొరాపుట్ నుంచి విడివడ్డాం. అందుచేత సైటులో ఒడిశా, ఆ తరువాత రాయగడ, ఆ తరువాత గుణుపురం కోర్టుల సముదాయం ఎంచుకోవాలి. మా దగ్గర ఇలాంటివి ఎస్‌డీజేఎం (సబ్ డివిజనల్ జుడిషియల్ మేజిస్ట్రేటు) కోర్టులో వెతకాలి. కోర్టు ఎప్పుడూ జిల్లా కేంద్రంలోనే ఉంటుందని కూడా అనుకోవద్దు. కొరాపుట్ జిల్లా జడ్జి కోర్టు జయపురంలో ఉన్న సంగతి తెలియక కొరాపుట్ బస్సెక్కినవాళ్లను నేను చాలామందిని చూశాను.

ఎస్‌టీసీ ఆంధ్ర కోర్టుల మాట. మన దగ్గర పోలీసులు ఎఫ్‌ఐఆర్ కట్టి నడిపినది జీఆర్ (జనరల్ రిజిస్టర్) కేసు అవుతుంది, అధికారి నేరుగా పంపిన నివేదిక మీద నడిచినది సీసీ (కంప్లైంట్ కేసు) అని ముగిసే రకాల్లో ఒకదానిలో చేరుతుంది. అది ఏదో తెలియనప్పుడు కేసు రకాన్ని పట్టుకుని వేలాడడం దండగ. అదే సైటులో చట్టం పేరుతో వెతికే వీలుంది. మోటారు వాహనాల చట్టం ఎంచుకుని, కేసు స్థితి దగ్గర ముగిసినవి అని పెట్టి చూడండి. చాలామంది పెండింగ్ కేసుల్లో మాత్రమే వెతికి, లేదని లేచిపోతారు. మీ నాన్నగారిది ముగిసిన కేసు కాబట్టి పెండింగులో ఎన్నిసార్లు వెతికినా దొరకదు. జిల్లా కోర్టుల సైటులో బండి నంబరుతో వెతికే సదుపాయం లేదన్నది కూడా గుర్తుంచుకోండి.

అసలు చిక్కంతా పేరులోనే ఉంటుంది. మన ఇంటిపేరు ముందుంటుంది, ఇక్కడి కాగితాల్లో అది చివరికి పోతుంది. అప్పలస్వామి అన్న పేరునే తీసుకోండి. ఇంగ్లీషులో రెండు పీలతో ఒకరు, ఒక్క పీతో ఒకరు, చివర వై పెట్టి ఒకరు, ఐ పెట్టి మరొకరు రాస్తారు. పూర్తి పేరు కొట్టకుండా, ఎవరు రాసినా మారని మూడు నాలుగు అక్షరాల ముక్క మాత్రమే కొట్టి, 2019 సంవత్సరం ఇచ్చి చూడండి.

సైటులో దొరకకపోయినంత మాత్రాన రికార్డు లేనట్టు కాదు. తప్పు ఒప్పుకుని ఒక్క పూటలో ముగిసిన ఇలాంటి కేసులో కట్టలు కట్టలుగా కాగితాలు ఉండవు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 263వ సెక్షను ప్రకారం సంక్షిప్త విచారణకు మేజిస్ట్రేటు రాయవలసిన వివరాలు పదే. క్రమ సంఖ్య, నేరం జరిగిన తేదీ, నివేదిక తేదీ, ఫిర్యాదుదారు పేరు, నిందితుడి పేరుతోపాటు తండ్రి పేరూ ఊరూ, నేరమేమిటి, ఒప్పుకున్నాడా లేదా, నిర్ణయం, శిక్ష, విచారణ ముగిసిన తేదీ, అంతే. 2024 జూలై 1 నుంచి అదే నియమం ఆ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 286వ సెక్షను కింద ఉంది. మీకు కావలసిన సమాచారమంతా ఆ కాస్తలోనే ఉంది. తేదీ ఉజ్జాయింపుగా చెప్పగలిగితే రిజిస్టరు తిప్పడం పెద్ద పని కాదు. నాన్నగారే సంతకం చేసిన దరఖాస్తుతో, ఆయన గుర్తింపు కార్డు నకలుతో, కోర్టు ఫీజు స్టాంపులతో నకళ్ల విభాగానికి వెళ్లండి. తనమీద వచ్చిన ఉత్తర్వు నకలు అడిగే హక్కు ఆయనకు ఉంది గనుక మధ్యవర్తితో పని లేదు.

జవాబు: రాయగడ లారీ యజమాని

గుమాస్తా గారు చెప్పినదానికి నా అనుభవం ఒకటి కలుపుతాను. నా బండి మీద ఉన్న కేసు కోసం నేను మూడు కోర్టులు తిరిగాను. చివరికి తేలిందేమిటంటే, అది అసలు కోర్టు గుమ్మమే ఎక్కలేదు. మోటారు వాహనాల చట్టం 200వ సెక్షను ప్రకారం కొన్ని నేరాలకు రాజీ రుసుము కట్టించుకుని అధికారి స్థాయిలోనే ముగించవచ్చు. మా డ్రైవరు కట్టినది అదే, వాడు దానినే కోర్టు జరిమానా అనుకున్నాడు. కాబట్టి మీ నాన్నగారు డబ్బు కట్టినది బల్ల మీద నల్లకోటు కూర్చున్న హాలులోనా, లేక ఆఫీసు కిటికీ దగ్గరా అన్నది ముందుగా నిదానంగా అడిగి తెలుసుకోండి. ఇక్కడ వీసీఆర్ అని పిలిచే తనిఖీ నివేదిక నంబరు సంపాదిస్తే, దానిని కోర్టుకు పంపారో లేదో పంపిన కార్యాలయంలోనే తెలుస్తుంది.

ఇదంతా ఎందుకనుకుంటే, రవాణా కార్యాలయానికీ కోర్టుకూ చెరొక సమాచార హక్కు దరఖాస్తు పడేయండి. పది రూపాయలతో పోతుంది.

జవాబు: ధర్మాబాద్ వాసి

మాది నాందేడ్ జిల్లా అయినా కథ ఒకటే గనుక రాస్తున్నాను. మహారాష్ట్రలో ఇలాంటి చిన్న కేసులు ఎస్‌సీసీ అనే రకం కింద ఉంటాయి, అంటే సమరీ క్రిమినల్ కేసులు. తెలంగాణ నుంచి వచ్చిన మా బంధువులు ఎస్‌టీసీ అని వెతికి విసిగిపోతుంటారు. బండి నంబరుతో వెతకగలిగేది ట్రాఫిక్ చలానాలను ఆన్‌లైన్‌లోనే తేల్చే వర్చువల్ కోర్టుల సైటులోనే. అయితే మాకు నాగపూర్ జిల్లా కాటోల్‌లో అలాంటి కోర్టు మొదలైనది 2020 అక్టోబరు 31న. ఢిల్లీలోని మొట్టమొదటిదే 2019 జూలై నాటిది. మాస్టారి కేసు 2019 ఏప్రిల్‌ది కాబట్టి అక్కడ వెతకడం వల్ల ప్రయోజనం ఉండదు.

జవాబు: గుణుపురం గుమాస్తా (విశ్రాంత)

లారీ యజమాని గారు చెప్పిన 200వ సెక్షను మాట నిజమే, నేను ముందే అడగవలసింది. సమాచార హక్కు విషయంలో మాత్రం ఒక సవరణ. రవాణా కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు నమూనా అయిన ‘ఫారం-ఏ’ నింపి పెట్టండి, తప్పులేదు. ముప్ఫై రోజుల గడువు ఉంటుంది. కోర్టు రికార్డు నకళ్లకు ఆ దారి పనికిరాదు. గుజరాత్ హైకోర్టు కేసులో 2020 మార్చి 4న సుప్రీంకోర్టు, నకళ్లు కోర్టు నియమాల ప్రకారమే తీసుకోవాలని తేల్చింది. అక్కడ పెడితే ఆ పది రూపాయలతోపాటు నెల రోజులూ పోతాయి.

ప్రశ్న అడిగినవారు: పర్లాకిమిడి మాస్టారు

పన్నెండు రోజుల తరువాత రాస్తున్నాను. నాన్నగారిని అడిగితే, వేపచెట్టు కింద వరుసలో నిలబడ్డాననీ, పేరు పిలిచాక లోపలికి వెళ్లి చేతులు కట్టుకుని ఒప్పుకున్నాననీ చెప్పారు. కాబట్టి కోర్టేనని రూఢి చేసుకున్నాను. రాయగడ జిల్లా ఎంచుకుని, ముగిసిన కేసుల్లో చట్టం పేరుతో వెతికితే చాలా పొడుగు జాబితా వచ్చింది. రెండు రాత్రులు కూర్చుని చూసినా నాన్నగారి పేరు లేదు. అప్పుడు అమ్మ ఒక మాట అంది. బండి కాగితంలో పేరు వేరు, లైసెన్సులో పేరు వేరు అని. తీసి చూస్తే నిజమే. ఆర్‌సీలో రెండు పీలతో అప్పలస్వామి, లైసెన్సులో ఒకే పీతో అపలసామి, పైగా ఇంటిపేరు చివర ఉంది. ఆ రోజు తీసుకున్నది లైసెన్సు కదా, కేసు దానిమీది పేరుతోనే నడిచింది. ఆ ముక్క కొట్టగానే కేసు నంబరు, ప్రతి కేసుకూ విడిగా ఇచ్చే పదహారు అక్షరాంకెల సీఎన్‌ఆర్ నంబరు, ముగిసిన తేదీ అన్నీ తెర మీదికి వచ్చాయి. నిన్న నాన్నగారిని వెంటబెట్టుకుని వెళ్లి నకలుకు దరఖాస్తు ఇచ్చాము. వచ్చే వారం రమ్మన్నారు.

ఇప్పుడు నాకున్న భయం ఒక్కటే. నకలులో అపలసామి అనీ, బండి కాగితంలో అప్పలస్వామి అనీ ఉంటే, ఇద్దరూ ఒకరేనని ఎవరు నమ్ముతారు?

జవాబు: గుణుపురం గుమాస్తా (విశ్రాంత)

తండ్రి పేరూ ఊరూ రెండింటిలో ఒకటే ఉంటాయి, చూసుకోండి. అయినా అడగకముందే నోటరీ దగ్గర, ఇద్దరూ ఒకరేనని నాన్నగారి చేత అఫిడవిట్ చేయించి నకలుకు జతపరచండి. కేసు కాగితంలో బండి నంబరు రాసి ఉంటే ఆ పేజీ నకలు కూడా అడగండి, ఎందుకంటే బండినీ మనిషినీ కలిపేది అదే. నకళ్లు రెండు తీసుకుని, ఒకటి దాఖలు చేసి, అందినట్టు ముద్ర వేయించుకోండి. రెండోది ఇంట్లో పెట్టండి, చొక్కా జేబులో మాత్రం కాదు.