జన సమూహాల మధ్య రోగనిరోధక కణాల తేడాలకు, హెచ్‌ఐవీ సోకే ముప్పుకు సంబంధం ఎంత?

హెచ్‌ఐవీ ఒక టీ కణంలోకి (ఒక రకం రోగనిరోధక కణం) చొరబడాలంటే ముందు సీడీ4 అనే గ్రాహకాన్ని పట్టుకుని, ఆ తర్వాత చాలా సందర్భాల్లో సీసీఆర్5 అనే మరో ప్రొటీన్‌ను ఆసరా చేసుకోవాలి. ఆ ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువులో 32 క్షారాలు (డీఎన్‌ఏలోని అక్షరాల వంటివి) లోపిస్తే అది కణం పైపొర దాకా చేరనే చేరదు. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఆ మార్పు సంక్రమించినవారికి వైరస్ సోకడం చాలా అరుదని 1996లో తేలింది. ఉత్తర ఐరోపా మూలాలున్నవారిలో అలాంటివారు సుమారు 1 శాతం. ఇంతవరకు నాకు స్పష్టంగానే ఉంది.

నన్ను వేధిస్తున్నది న్యూట్రోఫిల్స్ అనే ఒక రకం తెల్ల రక్తకణాల సంగతి. ఆఫ్రికా మూలాలున్న అనేకమందిలో ఎర్ర రక్తకణాలపై డఫీ యాంటిజెన్ అనే ప్రొటీన్ ఉండదు. వైవాక్స్ అనే రకం మలేరియా నుంచి చాలావరకు కాపాడే ఈ లక్షణం వల్లే వారిలో న్యూట్రోఫిల్స్ సంఖ్య సహజంగా తక్కువగా ఉంటుంది. డఫీ యాంటిజెన్ లేకపోవడం వల్ల హెచ్‌ఐవీ సోకే అవకాశం పెరుగుతుందని 2008లో ఒక అధ్యయనం సూచించగా, తర్వాత కొందరు పరిశోధకులు విభేదించారు. వైద్యం అందకపోవడం, చుట్టూ ఉన్నవారిలో వైరస్ వ్యాప్తి వంటి కారణాలను వేరుచేసి, కేవలం ఈ కణాల ప్రభావాన్ని ఎలా కొలుస్తారు? ఒక జాతినే దోషిగా నిలబెట్టే అపోహలకు తావివ్వకూడదన్నది నా ఆరాటం కనుక, రోగనిరోధక శాస్త్రం తెలిసినవారు దయచేసి వివరించగలరని మనవి.