ఇంటర్ కెమిస్ట్రీకి బట్టీ చాలుతుందా?

ఒక తల్లి, కూకట్‌పల్లి:
మా అమ్మాయి ఈ జూన్‌లో ఎంపీసీలో చేరింది. పదో తరగతిలో భౌతిక రసాయన శాస్త్రంలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల, మొదటి నెలలోనే మోల్ లెక్కల దగ్గర తడబడి, కెమిస్ట్రీ అంటేనే భయపడుతోంది. బట్టీ పడితే గట్టెక్కే సబ్జెక్టు ఇదేనని మా మరిది అంటున్నారు. ఈ రెండేళ్లలో ఏమి ఎదురవుతుందో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

ఇంజనీరింగ్ విద్యార్థి, ఘట్‌కేసర్:
మీ మరిది గారి మాటలో నిజం ఉందండీ. మేము రాసిన 60 మార్కుల థియరీ పేపరులో 2 మార్కుల ప్రశ్నలు పది, 4 మార్కులవి ఆరు, 8 మార్కులవి రెండు రాయాలి. పాత ప్రశ్నపత్రాలను శ్రద్ధగా చదివినవారు, పాఠం లోతుగా అర్థం కాకపోయినా, మంచి మార్కులు తెచ్చుకోవడం నేను చూశాను. ఎప్‌సెట్ 160 ప్రశ్నల్లో గణితానివి 80, కెమిస్ట్రీవి 40 కాబట్టి, మిగిలిన సమయం గణితానికి ఇవ్వడమే మంచిదని నా అభిప్రాయం.

జూనియర్ కళాశాల అధ్యాపకురాలు, దిల్‌సుఖ్‌నగర్:
బాబూ, మార్కుల లెక్క సరైనదే గాని, నువ్వు చెప్పిన దారి చాలామంది పిల్లలను రెండో సంవత్సరంలో నిలువునా ముంచడం నేను చూస్తూనే ఉన్నాను. 12 గ్రాముల కార్బన్‌లో ఎన్ని పరమాణువులు ఉంటాయో 18 గ్రాముల నీటిలో అన్ని అణువులు ఉంటాయని, ఆ సంఖ్య 6.022 × 10²³ అని, అన్ని కణాల మొత్తమే ఒక మోల్ అని మనసుకు పట్టని పిల్లకు ద్రావణాల గాఢత గాని, సమతాస్థితి గాని, విద్యుద్విశ్లేషణ లెక్కలు గాని అందవు.

కర్బన రసాయనం ఇంకా స్పష్టమైన ఉదాహరణ. ఎసిటాల్డిహైడ్ ఆల్డాల్ చర్యలో, బెంజాల్డిహైడ్ కానిజారో చర్యలో పాల్గొంటాయని విడివిడిగా కంఠస్థం చేసేవారు పరీక్షలో వాటిని తారుమారు చేస్తారు; మొదటిదానిలో ఆల్ఫా హైడ్రోజన్ (ఆల్డిహైడ్ సమూహం పక్కనున్న కార్బన్‌కు అంటి ఉండే హైడ్రోజన్) ఉందని, రెండోదానిలో లేదని గమనించినవారు కొత్త ఆల్డిహైడ్ ఇచ్చినా జవాబు చెప్పగలరు.

ప్రాక్టికల్స్‌ను రికార్డు రాసే పనిగా చూడకూడదన్నది నా గట్టి నమ్మకం. ఇనుము ఉండే మోర్ లవణాన్ని పొటాషియం పర్మాంగనేట్‌తో టైట్రేషన్ చేసేటప్పుడు, అంటే ఎంత పర్మాంగనేట్ పడుతుందో బ్యూరెట్‌తో కొలిచేటప్పుడు, సజల సల్ఫ్యూరిక్ ఆమ్లమే ఎందుకు కలపాలో అడిగితే చాలామంది మౌనంగా ఉండిపోతారు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపితే అందులోని క్లోరైడ్ కూడా ఆక్సీకరణం చెంది కొంత పర్మాంగనేట్‌ను తినేస్తుంది, బ్యూరెట్ రీడింగు ఎక్కువ వస్తుంది. ఒక్కసారి ఆ తేడాను చేతితో చేసి చూసిన పిల్ల దాన్ని మరచిపోదు.

ఇంజనీరింగ్ విద్యార్థి, ఘట్‌కేసర్:
కర్బన రసాయనం విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను, మేడమ్. కాని సల్ఫ్యూరిక్ ఆమ్లం తయారుచేసే స్పర్శా విధానంలో, సల్ఫర్ డయాక్సైడ్‌ను ట్రయాక్సైడ్‌గా మార్చే చర్యకు ఉత్ప్రేరకం వనేడియం పెంటాక్సైడ్ అని తర్కంతో ఎవరు కనుక్కోగలరు?

జూనియర్ కళాశాల అధ్యాపకురాలు, దిల్‌సుఖ్‌నగర్:
అది కంఠస్థం చేయవలసిందే, అందులో సందేహం లేదు. అయితే ఆ చర్య ఉష్ణమోచకం కాబట్టి ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ దిగుబడి పెరగాలని లీచాట్లియర్ సూత్రం చెబుతుంది. మరీ తగ్గిస్తే చర్య నెమ్మదిస్తుంది గనుక సుమారు 720 కెల్విన్ దగ్గర నడుపుతారు. ఆ కారణం తెలిస్తే అంకె కూడా గుర్తుంటుంది.

అమ్మా, ఇప్పుడే వేరే ట్యూషన్ పెట్టించకండి. రోజుకు అయిదు మోల్ లెక్కలు, ప్రతి మెట్టులో ప్రమాణాలు రాస్తూ, జవాబులు చూడకుండా చేయమనండి. తప్పిన లెక్కను మర్నాడే లెక్చరర్‌కు చూపించమనండి.