యూనివర్సిటీ లోపల పోలీస్ అవుట్‌పోస్ట్ ఉండాలా, వద్దా?

తెనాలి నాన్న:
మా అమ్మాయి ఈ ఏడాది ఎమ్మెస్సీలో చేరుతోంది. విజయవాడ, గుంటూరు మధ్య ఉన్న క్యాంపస్‌లలో ఒకటి, పేరెందుకు లెండి. మొన్న హాస్టల్ చూడ్డానికి వెళ్లాం. గేటు దగ్గర సెక్యూరిటీ ఏజెన్సీ చొక్కా వేసుకున్న పెద్దాయన కూర్చున్నచోటి నుంచే రిజిస్టర్ ముందుకు తోశాడు. నాకు ముందు వచ్చినాయన ఫోన్ నంబర్ గడిలో అడ్డంగా ఒక గీత గీసి లోపలికి వెళ్లిపోయాడు. రిజిస్టర్ వంక ఎవరూ చూడలేదు. కాపలా అంటే ఇదేనా?

నా మాట ఒకటే. వేలమంది పిల్లలుండే చోట లోపలే పోలీసులు ఉండాలి. ఒక ఎస్సై, ఇద్దరు ముగ్గురు మహిళా కానిస్టేబుళ్లు, రాత్రీ పగలూ. ఉస్మానియాకు సొంత స్టేషన్ ఉంది, తిరుపతిలో ఎస్వీయూకు ఉంది. 2015లో యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) ఇచ్చిన భద్రతా మార్గదర్శకాల్లో కూడా క్యాంపస్‌లో పోలీస్ స్టేషన్ ఉండాలనే సూచించారు. మన దగ్గర ఎందుకు వద్దో, వద్దనేవాళ్లు చెప్పండి.

కృష్ణలంక కుర్రాడు:
వద్దనేవాళ్లలో నేనొకణ్ని, అంకుల్. 2016 మార్చిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పోలీసులు లాఠీచార్జి చేసి విద్యార్థుల్నీ, అధ్యాపకుల్నీ కూడా అరెస్టు చేశారు. 2019 డిసెంబర్‌లో ఢిల్లీ జామియాలో లైబ్రరీలోకే వెళ్లారు. లోపల అవుట్‌పోస్ట్ పెడితే మొదటి లాఠీ దొంగ మీద పడదు. మెస్ బిల్లు పెరిగిందని ధర్నాకు కూర్చున్నవాడి మీద పడుతుంది. మీ అమ్మాయి కూడా అక్కడే కూర్చుని ఉండొచ్చు.

తెనాలి నాన్న:
బాబూ, నువ్వు చెప్పిన రెండు చోట్లా పోలీసులు బయటి నుంచే వచ్చారు కదా. అవుట్‌పోస్ట్ లేకపోతే రాకుండా ఆగారా?

పాత హెడ్డు, గుంటూరు:
హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరై కొంతకాలమైంది, నాకు తెలిసింది చెప్తాను. వీసీ పర్మిషన్ లేనిదే పోలీసులు క్యాంపస్‌లో అడుగు పెట్టకూడదని చాలామంది అనుకుంటారు. ఏ చట్టంలోనూ అలా లేదు. అది మర్యాద కొద్దీ వచ్చిన అలవాటు. నేరం జరిగిందని తెలిస్తే యూనివర్సిటీ అయినా, బెంజ్ సర్కిల్ అయినా మాకు ఒకటే.

రెండో సంగతి. తెనాలి వారు అవుట్‌పోస్ట్, స్టేషన్ ఒకటే అనుకుంటున్నారు. స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ కడతారు. అవుట్‌పోస్ట్‌లో మామూలుగా కట్టరు, అర్జీ తీసుకుని స్టేషన్‌కు పంపిస్తారు. నాగార్జున యూనివర్సిటీనే తీసుకోండి, అది పెదకాకాని స్టేషన్ లిమిట్స్. లోపల అవుట్‌పోస్ట్ పెట్టినా కాగితం చివరికి పెదకాకానికే వెళ్తుంది.

ఇక స్టాఫ్. ఎస్సైని ఇస్తారనుకోవడం అత్యాశ. ఒక హెడ్డు, ఒకరిద్దరు కానిస్టేబుళ్లు, అదృష్టం బాగుంటే ఒక హోంగార్డు. మన బెల్టులో అసెంబ్లీ, సెక్రటేరియట్, హైకోర్టు అన్నీ ఉన్నాయి. వీఐపీ బందోబస్తు పడిందంటే ముందు ఖాళీ చేసేది ఇలాంటి అవుట్‌పోస్టులనే. తాళం వేసి, తలుపు మీద ఫోన్ నంబర్ అంటించి పోతారు. ఆ నంబర్ ఎత్తేవాడు వెలగపూడిలో రోడ్డు పక్కన తాడు పట్టుకుని నిలబడి ఉంటాడు.

రీసెర్చ్ స్కాలర్:
హెడ్డు గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను ఇదే ఏరియాలో పీహెచ్‌డీ చేస్తున్నాను. లాబ్‌లో పని ముగిసేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. లోపల నాకు పెద్ద భయం లేదు. టెన్షన్ గేటు దాటాక మొదలవుతుంది. సర్వీస్ రోడ్డు పక్కన సగం లైట్లు వెలగవు, ఎక్స్‌ప్రెస్ బస్సు ఆపదు. షేర్ ఆటో వస్తే ఎక్కే ముందు లోపల ఇంకో ఆడమనిషి ఉందా అని తొంగి చూడాలి. ఉంటే ఎక్కుతాం, లేకపోతే ఫోన్ మాట్లాడుతున్నట్టు నటిస్తూ పక్కకు జరుగుతాం. ఈ ఏరియాలో రాత్రిపూట చదువుకునే ఆడపిల్ల ఎవరినడిగినా ఇదే చెప్తుంది. 2021 ఆగస్టు 15న గుంటూరులో బీటెక్ అమ్మాయిని పొడిచి చంపింది నడిరోడ్డు మీద, పట్టపగలు. క్యాంపస్ లోపల కాదు.

లోపలి సంగతి వేరు. అక్కడ ఇబ్బంది పెట్టేది గోడ దూకి వచ్చే దొంగ కాదు. మనకు తెలిసినవాళ్లే. సీనియర్, క్లాస్‌మేట్, ఒక్కోసారి మార్కులు చేతిలో ఉన్న పెద్దమనిషి. 2015 జూలైలో నాగార్జున యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్ మొదటి ఏడాది అమ్మాయి హాస్టల్‌లో ఆత్మహత్య చేసుకుంది. సీనియర్ల ర్యాగింగే కారణమని ఆరోపణలు వచ్చాయి, ప్రభుత్వం విచారణ కమిటీ వేసింది. అప్పటికే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చి పద్దెనిమిదేళ్లు, అది 1997 నాటిది. ఫిర్యాదు వచ్చినా పట్టించుకోని కాలేజీ పెద్ద ఆ నేరానికి సాయపడ్డట్టే లెక్క అని అందులో రాసి ఉంది. ఆ సెక్షన్ కింద ఎవరి మీదైనా కేసు పెట్టగా మీరెప్పుడైనా విన్నారా? నేను వినలేదు. గేటు దగ్గర కానిస్టేబుల్ ఉన్నంత మాత్రాన హాస్టల్ మూడో అంతస్తులో ఏం జరుగుతోందో ఆయనకెలా తెలుస్తుంది?

వార్డెన్ అమ్మ:
నేను ఒక ప్రైవేట్ హాస్టల్ వార్డెన్‌ని. ఒక మాట చెప్తా, తండ్రులు కోప్పడకండి. పిల్ల ఏడుస్తూ వస్తే, స్టేషన్‌కు వెళ్దాం రామ్మా అంటాను. పిల్ల సరేనంటుంది. ఇంటికి ఫోన్ చేస్తే తెల్లారేసరికి నాన్న దిగుతాడు. "కేసులూ గీసులూ వద్దు మేడం, రేపు సంబంధాలు చూడాలి" అంటాడు. అర్జీ రాసిన కాగితం నా ముందే మడిచి జేబులో పెట్టుకుని వెళ్లినాయన ఉన్నాడు. లోపల అవుట్‌పోస్ట్ పెట్టినా ఆయన అలాగే మడిచి పెట్టుకుంటాడు.

తెనాలి నాన్న:
ఈ మాట కొంచెం గుచ్చుకుంది. అయినా అడుగుతున్నా, ఏమీ లేకపోవడం కంటే ఏదో ఒకటి ఉండటం నయం కాదా?

డాలస్ నుంచి మంగళగిరి:
ఇక్కడ అమెరికాలో పెద్ద యూనివర్సిటీలకు సొంత పోలీసులే ఉంటారు. ఏజెన్సీ గార్డులు కాదు, అరెస్టు చేసే అధికారం ఉన్న అసలు పోలీసులు, తుపాకులతో సహా. యేల్‌లో ఇది 1894 నుంచే ఉంది. మనకు ఆ తుపాకులు అక్కర్లేదు కానీ ఇంకొకటి ఉంది, అది తెచ్చుకోవాలి. 1986లో పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీలో జీన్ క్లెరీ అనే అమ్మాయిని హాస్టల్ గదిలోనే చంపేశారు. ఆమె తల్లిదండ్రులు ఊరుకోలేదు. వాళ్లు పోరాడితే 1990లో చట్టం వచ్చింది. కేంద్రం డబ్బు తీసుకునే ప్రతి కాలేజీ ఏటా అక్టోబర్ 1లోగా తన క్యాంపస్‌లో ఏ నేరాలు ఎన్ని జరిగాయో లెక్క బయటపెట్టాలి. సొంత పోలీసులున్న చోట రోజువారీ నేరాల చిట్టా కూడా ఉంటుంది, అడిగినవాళ్లకు చూపించాలి. ప్రమాదం ఇంకా పొంచి ఉందనిపిస్తే పిల్లలందరికీ వెంటనే కబురు చెప్పాలి. రాత్రి లైబ్రరీ నుంచి హాస్టల్ దాకా తోడు రమ్మని ఫోన్ చేస్తే చాలా యూనివర్సిటీల్లో మనిషినో బండినో పంపిస్తారు. ఈ తోడు ఏర్పాటుకు మన దగ్గర పోలీసులు కూడా అక్కర్లేదు, ఒక బ్యాటరీ బండి, డ్యూటీలో ఒక మనిషి చాలు.

కృష్ణలంక కుర్రాడు:
ఆ లెక్క మన దగ్గర ఎవరు బయటపెడతారన్నా? ఎంట్రన్స్ ర్యాంకులు మాత్రం బెంజ్ సర్కిల్ నుంచి వారధి దాకా ఫ్లెక్సీలు కడతారు. ఫిర్యాదులు ఎన్ని వచ్చాయని అడిగితే "మా దగ్గర అలాంటివి ఉండవండి" అంటారు.

పోలీసుల గురించి ఇంకొకటి. 2007 డిసెంబర్‌లో ఇబ్రహీంపట్నం హాస్టల్‌లో బీఫార్మసీ అమ్మాయి హత్య జరిగింది. ఆ కేసులో పట్టుకున్న యువకుడు ఏళ్ల తరబడి జైల్లో ఉన్నాక 2017లో హైకోర్టు నిర్దోషి అని వదిలేసింది. అసలు దోషి ఎవరని ఆ తల్లి ఎన్నేళ్లు అడగాలి? విజయవాడలో ఇది మర్చిపోయినవాళ్లు లేరు. కంచే చేను మేస్తుందేమోనన్న అనుమానం ఊరికే రాలేదు.

పాత హెడ్డు, గుంటూరు:
ఆ కేసు మీద నేను మాట్లాడను. డిపార్ట్‌మెంట్‌లో పనిచేసిన ఎవరికైనా అది నొప్పే.

తెనాలి వారు ఏదో ఒకటి అన్నారు కాబట్టి చెప్తున్నా. అవుట్‌పోస్ట్ కంటే బీటు, అంటే గస్తీ, అడగండి. రాత్రి బీటు కానిస్టేబుల్ వచ్చి సంతకం పెట్టే పాయింట్ బుక్ ఒకటి ఉంటుంది. దాన్ని మెయిన్ గేటు దగ్గర కాకుండా లేడీస్ హాస్టల్ దగ్గర, బస్‌స్టాప్ దగ్గర పెట్టించండి. అప్పుడు ఆయన అక్కడిదాకా నడిచి తీరాలి. మెయిన్ గేటు దగ్గరుంటే బండి దిగకుండానే సంతకం పెట్టి పోతాడు, మేమూ అదే చేసేవాళ్లం.

2024 జూలై 1 నుంచి కొత్త చట్టం వచ్చింది. నేరం ఏ లిమిట్స్‌లో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, అదే జీరో ఎఫ్‌ఐఆర్. కాలేజీ వాళ్లకు లోకల్ స్టేషన్‌తో బాగా పరిచయాలున్నాయని అనుమానమొస్తే తెనాలిలోనే ఇవ్వండి. ఫోన్‌లో పంపినా తీసుకుంటారు, మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. అర్ధరాత్రి అయితే వార్డెన్ కోసం వెతక్కండి, ముందు 112 కొట్టండి.

రీసెర్చ్ స్కాలర్:
అంకుల్, అడ్మిషన్ రోజు ఆఫీసులో ఒకటి అడగండి. లైంగిక వేధింపుల ఫిర్యాదుల కోసం అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెప్తుంది. ఫిర్యాదు విద్యార్థుల వ్యవహారమైతే అందులో ఎన్నికైన విద్యార్థి ప్రతినిధులు ముగ్గురు ఉండాలని 2015 యూజీసీ నిబంధనలు కూడా చెప్తాయి. ఆ ముగ్గురూ ఎవరో చెప్పమనండి. పేర్లు వెంటనే చెప్తే సరే. "ఆ ఫైల్ మేడం దగ్గర ఉంది, మేడం సెలవులో ఉన్నారు" అంటే మీకు విషయం అర్థమైపోతుంది.

తెనాలి నాన్న:
అడుగుతాను. పాయింట్ బుక్ సంగతి కూడా పెదకాకాని వెళ్లి కనుక్కుంటాను. లిమిట్స్ అదేనో, తాడేపల్లో ముందు తేల్చుకోవాలి. కానీ నాలుగు లైట్లు, ఒక కమిటీ ఉంటే చాలని మీరు ఒప్పించబోతే నేను ఒప్పుకోను. ఆ లైట్ కింద ఖాకీ చొక్కా ఒకటి కనబడితేనే మా ఆవిడ రాత్రి నిద్రపోతుంది.

కృష్ణలంక కుర్రాడు:
లైట్ కింద నిలబడితే నాకూ అభ్యంతరం లేదు అంకుల్, బస్‌స్టాప్‌లోనే కదా. గేటు లోపల గది కట్టి బోర్డు పెడతామంటే మాత్రం మేము అక్కడే ధర్నాకు కూర్చుంటాం.